వదిన గొంతు, మరిది వేళ్ళు

పాపం, పోయినవారం మనం కథ ఆపిన దగ్గర్నుంచీ వదిన వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. మెడకు మఫ్లరు, చేతిలో వేణ్ణీళ్ళ గ్లాసు, ఎదురుగా మరిది, మరిది చేతిలో ఉత్తరం. ఆవిణ్ణి అక్కణ్ణుంచి కదిలించేముందు, ఆ గుమ్మందాకా ఎలా వచ్చిందో రెండు ముక్కలు గుర్తు చేసుకుంటే చాలు.

పదకొండేళ్ళ కిందట 'బరి' అనే పోట్లాట ఆట ఒకటి వచ్చింది. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఎవరో ఒకరు పడిపోయేదాకా కొట్టుకుంటారు, కథ అంతే. అందులో పడవ నడిపే ఒకావిడ ఉంది. ఎంతటి మొనగాణ్ణయినా తెడ్డుతో నీళ్ళలోకి తోసేస్తుంది. పేరు తెడ్డు రాణి. ఆ రాణి అరుపులూ మూలుగులూ మొత్తం మన వదినవి. అంధ విద్యార్థుల కోసం పాఠాలు చదివి పెట్టడానికి స్టూడియోకి వెళ్ళిన మనిషి, పక్క గదిలో అరవాల్సిన ఆర్టిస్టు రాకపోతే, ఒక్కసారి అరిచి పెడతారా అమ్మా అని వాళ్ళు బతిమాలితే అరిచింది. ఆ పొద్దున్నే ప్లంబరుతో గొడవపడి వచ్చింది కనక అరుపు బాగా కుదిరింది. గొంతు ఎవరిదో ఎవరికీ, ఇంట్లోవాళ్ళకు సైతం, చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఆవిడ మాట తప్పలేదు. భర్తకు మాత్రం ఒకసారి చెప్పింది. ఆయన పేపరు చదువుతూ 'ఊఁ' అన్నాడు. విననివాడికి చెప్పింది చెప్పినట్టు లెక్కలోకి రాదని సమాధానపడింది.

ఆ ఆటకు రెండో భాగం ఇదిగో అదిగో అని జనం అప్పటినుంచీ కాచుకుని ఉన్నారు. అలా కాచుకుని ఉన్న పద్నాలుగు వేలమందిని ఒక గ్రూపుగా పోగేసి నడుపుతున్నవాడు, ఆవిడ సొంత మరిది. లిఫ్టు మెకానిక్కు. మేడ మీద గదిలో ఉంటాడు. నెలరోజుల కిందట కంపెనీవాళ్ళు వదినకు ఫోన్ చేసి మళ్ళీ రమ్మన్నారు. పన్ను నొప్పి అని ఇంట్లో చెప్పి వారానికోసారి వెళ్ళి వస్తోంది. నిన్న 'ఎత్తు మీంచి పడడం, నాలుగు రకాలు' పూర్తయ్యేసరికి గొంతు చేతికి అందకుండా పోయింది. ఇవాళ, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, మరిది మేడ దిగి వచ్చి, సాయంత్రం ఐదింటికి గ్రూపు మూసేస్తున్నాననీ, అందరికీ మాట ఇచ్చేశాననీ, వీడ్కోలు ఉత్తరంలో తప్పులు దిద్ది పెట్టమనీ అడిగాడు.

రెండో భాగం తయారవుతోందన్న ఒక్క మాట చెబితే ఆగిపోతాడు. ఆ ఒక్క మాటే చెప్పనని ఆవిడ సంతకం పెట్టి ఇచ్చేసింది.

వదిన గ్లాసు బల్ల మీద పెట్టి, సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసి, కుర్చీ లాక్కుంది. ఆ ఇంట్లో ఎవరు ఏం రాసినా, సెలవు చీటీ దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకు మీద ఫిర్యాదు దాకా, దిద్దేది ఆవిడే. బి.ఏ. డిగ్రీకి దొరికిన ఉద్యోగం అదొక్కటే. మామూలుగా అయితే అరపేజీ ఉత్తరానికి ఐదు నిమిషాలు చాలు. ఇవాళ మాత్రం మంచి వచనానికి కనీసం సాయంత్రం ఆరింటిదాకా పడుతుందని ఆవిడకు గట్టిగా అనిపించింది.

మొదటి వాక్యంలోనే 'ఇంతకాలం' మూడుసార్లు వచ్చింది. రెండు కొట్టేసింది. రెండో పేరాలో కోపం ఉంది, నాలుగో పేరాలో ఏడుపు ఉంది; ముందు ఏడ్చి తరువాత కోప్పడితే చదివేవాళ్ళు బెంబేలెత్తుతారు, ముందు కోప్పడి తరువాత ఏడిస్తే జాలిపడతారు, నీకు ఏది కావాలో తేల్చుకో అని కాగితం అంచున రాసి చూపించింది. మరిది ఆలోచించి, జాలి వద్దన్నాడు. అయితే మొత్తం మళ్ళీ రాయమంది. అతను మళ్ళీ రాశాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. 'కంపెనీవాళ్ళు' అన్నచోట 'ఆ పెద్దమనుషులు' అంటే పోటు ఎక్కువుంటుందని సలహా ఇచ్చింది. అతను దానికి ఒప్పుకుని, అన్నిచోట్లా మార్చి, తీరా చదివి చూసుకుంటే పెళ్ళివారి మీద రాసినట్టుందని మళ్ళీ వెనక్కి మార్చాడు. ఇంకో పది నిమిషాలు.

ఇలా కాలాన్ని నమిలి మింగుతుంటే, వదినకు నిజంగానే ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. ఇన్నేళ్ళూ ఓర్చినవాడు ఇవాళే ఎందుకు మూస్తానంటున్నాడు? లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో సైతం నవ్వుతూ మాట్లాడే మనిషికి ఇంత విసుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? గుసగుసగా అడిగింది.

మరిది చెప్పుకొచ్చాడు. కంపెనీ మూడో ఏట మూసి ఉన్న తలుపు బొమ్మ ఒకటి పెట్టింది. తలుపు కింద వెలుగు ఉందని వీళ్ళు నెలరోజులు నిద్రపోలేదు. ఏడో ఏట 'త్వరలో' అంది. వచ్చింది ఆట బొమ్మ వేసిన టోపీ. తొమ్మిదో ఏట వాళ్ళ ఆఫీసు ఫొటో ఒకటి వస్తే, బల్ల మీద కప్పు నీడ ఎంత పొడుగుందో కొలిచి, ఆ వేళప్పుడు ఇంతమంది పనిలో ఉన్నారంటే పెద్దదేదో జరుగుతోందని ఈయనే నాలుగు పేజీల వ్యాసం రాశాడు. తీరా వాళ్ళు ఆ రోజు గోడలకు సున్నం వేయించుకుంటున్నారు. ఆ సంగతి చెబుతూ అతనే నవ్వాడు.

గ్రూపులో ఒక అలవాటు ఉంది. రోజుకొకరు వంతులవారీగా 'ఇవాళా లేదు' అని రాయాలి. అంతకన్నా ఒక్క అక్షరం రాయకూడదు. ఆసుపత్రి మంచం మీంచి రాసినవాళ్ళున్నారు, పరీక్ష హాలు మెట్ల మీంచి రాసినవాళ్ళున్నారు. నాలుగు వేల రోజులు ఒక్కటీ తప్పలేదు.

"మొన్న బుధవారం వంతు మన పోస్టుమాన్ తాతగారిది," అన్నాడు మరిది. "రిటైరయ్యాక మనవళ్ళ దగ్గర ఆట నేర్చుకున్న ఆయన. ఆయన రాయలేదు వదినా. వాళ్ళమ్మాయి రాసింది. కింద ఏమీ చెప్పలేదు. రూలు కదా, ఒక్క అక్షరం ఎక్కువ రాయకూడదు. నేనే పెట్టాను ఆ రూలు."

వదిన పెన్ను కింద పెట్టింది.

"వస్తుంది, ఆగండి అని చెప్పింది నేను. కంపెనీ కాదు. వాళ్ళు నోరే విప్పలేదు. నా మాట పట్టుకుని ఆగారు వీళ్ళంతా. ఇంకా ఎంతమందిని అలా ఆపను?"

దీనికి ఎర్ర పెన్నుతో దిద్దేది ఏమీ లేదు. ఆవిడ లేచింది. గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. నీళ్ళు తాగుదామంటే ఫిల్టరు మీద క్యాను ఖాళీ అయి ఉంది. మూలనున్న నిండు క్యాను, ఇరవై లీటర్లది, ఎప్పట్లాగే తనే ఎత్తబోయింది. మరిది నేను పెడతా ఉండమంటూనే ఉన్నాడు. ఆవిడ ముక్కుతో చిన్నగా ఊపిరి లాగి, మధ్యలో ఒక్క క్షణం ఆపి, ఎత్తి పెట్టేసింది.

వెనక పెన్ను కిందపడ్డ చప్పుడైంది.

తిరిగి చూస్తే మరిది తన ఎడమచేతి వంక చూసుకుంటున్నాడు. బల్ల మీద ఆ చేతి వేళ్ళు దేన్నో వెనక్కీ కిందికీ లాగినట్టు వంగి బిగుసుకుని ఉన్నాయి. వాటిని ఎవరో తనకు చెప్పకుండా వాడుకున్నట్టు చూస్తున్నాడు.

"ఏమైంది?" అని గుసగుసగా అడిగింది.

అతను నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. తెడ్డు రాణి కాళ్ళ మీద కొట్టబోయే ముందు ఒక ఊపిరి లాగుతుంది. సెకనులో ఐదో వంతు ఉంటుంది. అది ఎవరికీ వినబడదు, చెబితే తప్ప. ఆరో ఏట దాన్ని కనిపెట్టింది అతనే. ఆ ఊపిరి వినబడగానే చేతిలోని ఆట మీట వెనక్కీ కిందికీ లాగితే దెబ్బ తప్పించుకోవచ్చు. కళ్ళతో చూసి లాగుదామంటే అప్పటికే నీళ్ళలో ఉంటాం. చెవితో విని, బుర్రను అడగకుండా వేళ్ళు లాగేయాలి. గ్రూపులో వేలమందికి అతనే నేర్పాడు. ఐదేళ్ళుగా ఆ వేళ్ళు ఆ ఒక్క ఊపిరికి తప్ప దేనికీ అలా కదల్లేదు.

"వదినా, ఆ క్యాను మళ్ళీ ఎత్తు."

అందులో ఇరవై లీటర్లు ఉన్నాయని వదిన సైగ చేసింది. అతను లేచి, క్యాను తనే దించి, మూలన పెట్టి, వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి బల్ల మీద చాచాడు. లిఫ్టు ఏ అంతస్తులో మొరాయిస్తోందో చెవి ఆనించి పట్టే మనిషి, అదే ముఖం.

వదిన కాస్త తెలివి చూపించబోయింది. నోరు తెరిచి, ఆయాసపడే ముసలాయనలా బుస్సున ఊపిరి వదులుతూ ఎత్తింది. వేళ్ళు కదల్లేదు. అలా కాదు, ఇందాకటిలా అన్నాడు కళ్ళు తెరవకుండానే. రెండోసారి దగ్గుతూ ఎత్తింది. కదల్లేదు. మూడోసారికి ఆవిడ చేతులు లాగేస్తున్నాయి, నడుము పట్టేస్తోంది. ఇరవై లీటర్లను అన్నిసార్లు దించి ఎత్తే ఒంటికి నాటకం ఆడే ఓపిక ఉండదు. ముక్కుతో లాగింది, క్షణం ఆపింది.

వేళ్ళు లాగేశాయి.

ముందుగదిలో ఆవిడ భర్త పేపరు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఏ పన్ను వదినా నొప్పి?"

ఆవిడ కుడిదవడ చూపించింది.

"పోయినవారం ఎడమవైపు చూపించావు."

పాకిందని సైగ చేసింది. అతను తల ఊపాడు, నమ్మినట్టు కాదు, ఆ సైగ బాగుందని మెచ్చుకున్నట్టు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. ఈ పదకొండేళ్ళలో ఆ గొంతు తనను ఎన్ని వేలసార్లు నీళ్ళలోకి తోసిందో, అదే గొంతు ఎన్ని వేలసార్లు మెట్ల కింద నిలబడి అన్నానికి పిలిచిందో, రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటున్నట్టున్నాడు. అడుగుతాడేమోనని వదిన భయపడింది. అడిగితే అబద్ధం చెప్పాలి. పన్ను నొప్పి లాంటి చిన్నది కాదు, అంత పెద్దది చెప్పగలనో లేదో చూసుకునే అవకాశం ఆవిడకు ఇంతవరకు రాలేదు.

అతను అడగలేదు. మనిషి ఇరుక్కుంటే ముందు తలుపు బద్దలు కొట్టడు లిఫ్టు మెకానిక్కు.

"నేనేమీ అడగను, నువ్వేమీ చెప్పకు," అన్నాడు. "గొంతు పోయింది కదా, వైద్యం గురించి అడుగుతున్నా అనుకో. ఈ గొంతు నొప్పి పదకొండేళ్ళ నాటి పాతదా, లేకపోతే కొత్తగా వచ్చిందా?"

వదిన అప్పట్లో సంతకం పెట్టిన కాగితాన్ని మనసులో మొదటినుంచీ చివరిదాకా చదువుకుంది. ఆట పేరు చెప్పకూడదని ఉంది. పాత్ర పేరు, స్టూడియో పేరు, వెళ్ళే రోజులు, వచ్చే రోజులు చెప్పకూడదని ఉంది. నొప్పి వయసు గురించి ఏ వాక్యంలోనూ లేదు. రాసినవాళ్ళు ఆవిడలాంటి మనిషి చేత దిద్దించుకోలేదు మరి.

వేణ్ణీళ్ళు రెండు గుక్కలు తాగింది. అవి ఎప్పుడో చల్లారిపోయాయి.

"కొత్తది," అంది.

మరిది కూర్చున్నాడు. రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వో, ఇంకోటో వదిన తేల్చుకోలేదు. తేల్చుకోవాలని చూడకుండా ఉత్తరం మడతపెట్టే పని పెట్టుకుంది.

గడియారం నాలుగూ నలభై చూపించింది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చి పడింది. ఇక రాదు అని రాసిన ఉత్తరం పెడితే అది అబద్ధం. వస్తోంది అంటే ఆవిడ మాట పోతుంది. పోయేది ఒక్క మాట మాత్రమే కాదని వదిన కాగితం మీద రాసి చూపించింది: విషయం బయటికి పొక్కిందంటే ఆవిణ్ణి తీసేసి, ఇప్పటిదాకా పట్టిన అరుపులన్నీ పారేసి, ఇంకో గొంతుతో మొదట్నుంచీ మొదలుపెడతారు. అది చదివి మరిది గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి అలా ఉంచే, తెడ్డు రాణికి ఇంకో గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుని, వద్దన్నట్టు తల ఊపాడు.

చివరికి ఇద్దరూ కలిసి తేల్చింది, ఒక్క వాక్యం పెడితే చాలని. సాదా వాక్యం. అతను మొదట 'ఖచ్చితంగా' అని ఒక మాట చేర్చాడు, వదిన కొట్టేసింది. చివర ఆశ్చర్యార్థకం పెట్టాడు; కొట్టేసింది. మిగిలింది ఇది: ఇంకొన్నాళ్ళు ఆగుదాం. దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. ఎవరు ఎంత పిండినా ఒక్క చుక్క రాదు. ఐదింటికి మరిది దాన్ని గ్రూపులో పెట్టి, ఫోను బల్ల మీద బోర్లించాడు. వదినకు చాలారోజుల తరువాత మెడలో బిగువు సడలినట్టనిపించింది.

వాళ్ళిద్దరూ మరిచిపోయింది ఒక్కటే. కప్పు నీడను కొలిచిన మనుషులు వాళ్ళు. ఆ విద్య నేర్పింది ఈయనే.

మూడు నిమిషాలు గడిచాక ఫోను బల్ల మీద తనంతట తాను జరగడం మొదలుపెట్టింది. గ్రూపులో అందరికన్నా సూక్ష్మంగా చూసే ఒక పళ్ళ డాక్టరు మొదట రాసింది: ఈ పదకొండేళ్ళలో ఈయన రాసినవన్నీ తీసి చూశాను, కంపెనీ మీద తిట్టు లేనిది ఇదొక్కటే. ఆ వెంటనే ఇంకొకరు: మూసేస్తానన్న మనిషి మూడింటి నుంచి ఐదింటిదాకా ఇక్కడ లేడు, ఎవరితో మాట్లాడాడు? మరొకరు: ఈయన ఎప్పుడూ నాలుగు పేరాలకు తక్కువ రాయడు, ఈ రెండు మాటలూ ఎవరో దిద్ది ఇచ్చినవి. వదినకు ఆ చివరిది చదివి కోపం రావాలో గర్వపడాలో తెలియలేదు. పావుగంటకల్లా పద్నాలుగు వేలమందీ ఒకే మాట మీద ఉన్నారు. ఆయనకు తెలిసిపోయింది. రెండో భాగం వస్తోంది.

మరిది ముఖం పాలిపోయింది. చెరిపేస్తానన్నాడు. చెరిపేస్తే ఇక దండోరా వేసినట్టేనని వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. స్టూడియోలో మైకు ముందు ఆవిణ్ణి నిలబెట్టి, పడమన్నప్పుడల్లా పడేలా చేసే సౌండాయన. ఆదివారం పూట ఎన్నడూ చెయ్యడు. వినిపించేలా మాట్లాడే గొంతు లేదు కనక ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

"అమ్మా, గొంతు ఎలా ఉంది?" అన్నాడాయన, ఎప్పుడూ లేనంత మర్యాదగా. "మా కంపెనీ మేడమ్ గారు కూడా ఇక్కడే ఉన్నారండి, వింటున్నారు. ఒక చిన్న సంగతి. మాకు ఏడాదికోసారి అభిమానుల విజ్ఞాపన పత్రం ఒకటి పోస్టులో వస్తుంది. ఆ కవరు మీద అడ్రసూ, మీ అడ్రసూ ఒకటేనని, గ్రూపులో గోల చూసి ఇప్పుడే ఎవరో పట్టుకున్నారు. అది పంపే ఆయన మీకేమవుతారు?"

ఏమీ కానని చెప్పెయ్యమని మరిది చేతులూ తలా అన్నీ ఊపుతున్నాడు. వదిన అతని వంక చూసి, ఫోను మీదికి వంగింది.

"మరిది," అంది.

అవతల ఒక ఆడగొంతు అందుకుంది. కోపం లేదు, తొందర లేదు. "మీరు చెప్పారా?"

"లేదండి."

"మరి ఆయనకెలా తెలిసింది?"

వదిన చెప్పబోయేలోగా మరిది ఫోను తన వైపు లాక్కున్నాడు. తప్పు ఆవిడది కాదండీ అని మొదలుపెట్టి, క్యాను సంగతీ, ఊపిరి సంగతీ, తన వేళ్ళ సంగతీ తడబడుతూ మొత్తం చెప్పేశాడు. సెకనులో ఐదో వంతు అన్నాడు. వేలమంది ఆ ఒక్క ఊపిరి పట్టుకునే ఆ ఆట ఇంకా ఆడుతున్నారన్నాడు. చెప్పడం అయిపోయాక అవతల ఏవో మీటలు నొక్కిన చప్పుళ్ళు వినిపించాయి. ఎవరో ఏదో పాతది పెట్టి వింటున్నట్టు, దూరంగా తెడ్డు రాణి ఒకసారి అరిచింది. మళ్ళీ వెనక్కి తిప్పారు. మళ్ళీ అరిచింది.

"ఉందే," అంది ఆడగొంతు, ఫోనులో కాదు, పక్కకు తిరిగి. ఆ గొంతులో ఇప్పుడు ఆశ్చర్యం ఉంది. "ఇన్నేళ్ళూ మనం వినలేదు. మరి కొత్తదాంట్లో ఉందా ఇది?"

సౌండాయన జవాబు ఎక్కడో గోడ వారనుంచి వచ్చినట్టు సన్నగా వచ్చింది. "ఊపిర్లన్నీ తీసేసి శుభ్రం చేశామండి. మీరే కదా, అరుపు తప్ప ఇంకేమీ వినపడకూడదన్నారు. ఎల్లుండి ప్రకటనకు పంపే వీడియోలో కూడా లేదు."

ఎల్లుండి. వదిన మరిది వంక చూసింది. నాలుగు వేల రోజులు ఏ మాట కోసం కాచుకున్నాడో ఆ మాట వంటింటి బల్ల మీద పడి ఉంది. అతను దాన్ని విన్నాడు. విన్నట్టు కళ్ళు చెప్పాయి. అతని ఎడమచెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది.

"మేడమ్," అన్నాడు ఫోనులోకి, చాలా నెమ్మదిగా. "ఆ ఊపిరి తిరిగి పెట్టేదాకా ఆగండి. దయచేసి ఎల్లుండి ప్రకటించకండి."